ట్రేసర్ కాకకు ఒక ఫ్లెక్సీ

మా ఊళ్ళో ఎవరు పోయినా ఆ కబురు నాకు ఆర్డరుగా అందుతుంది. ముందు షాపు ఫోనుకు ఒక ఫోటో వస్తుంది. దాని కింద సైజు. దాని కింద ‘అర్జంట్’ అనే మాట. గోదావరిఖని చౌరస్తా పక్క సందులో ఉన్న ఫ్లెక్సీ షాపులో నేను డిజైనర్‌ని. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, కొత్త పదవులు, చావులు, అన్నీ ఒకే కుర్చీలో కూర్చుని చేస్తాను.

ఆ రోజు పొద్దున కూడా ఒక ఫోటో వచ్చింది. సరిగా చూడకుండానే దించుకున్నాను. ‘శ్రద్ధాంజలి’ అని పేరు పెట్టి దాచుకున్న పాత ఫైలు తెరిచి, అందులో ఉన్న మనిషిని తీసేసి, ఆ గుండ్రంలోకి కొత్త మనిషిని లాగాను. కింద తామరపువ్వుకు గడ్డం తగిలింది. కొంచెం పైకి జరిపాను. అప్పుడు ముఖం చూశాను. ఎడమ కనుబొమ మీద నీలపు మచ్చ. మా పక్క క్వార్టర్ కాక.

ఫోటో కింద ఆయన కొడుకు మెసేజీ. “బాపు పోయిండు చెల్లె. పొద్దుగాల ఆరింటికి. ఫోటో జర క్లియర్ చేసి పెట్టు.”

నాలుగు రోజులుగా కరీంనగర్ దవాఖానలో ఉన్నాడని తెలుసు. ఆదివారం సెలవు కదా, పోయి చూసి రావచ్చు అనుకున్నాను. ఆయన గురువారం పోయాడు.

ఆయన పేరు ఇక్కడ రాయను. కాలనీలో ఆయనను పేరుతో పిలిచినవాళ్ళు కూడా తక్కువే. అందరికీ ట్రేసర్ కాక. బొగ్గుబాయి సర్వే ఆఫీసులో ట్రేసర్‌గా చేసి రిటైరయ్యాడు. భూమి కింద ఎక్కడ బొగ్గు తీశారు, ఎక్కడ వదిలేశారు, ఏ దారి ఎటు పోయింది అని సర్వేయర్లు దిగి కొలుచుకొస్తారు. దాన్ని నక్షగా గీస్తారు. ఆ నక్ష మీద పలచని కాగితం పరిచి, నల్లసిరాతో, చెయ్యి వణకకుండా మళ్ళీ గీసేవాడు ట్రేసర్. ఇప్పుడు ఆ పని కంప్యూటర్ చేస్తుంది. ఉద్యోగం పోయింది గాని దాని పేరు మాత్రం మా కాలనీలో ఒక మనిషిని పట్టుకుని ఇన్నాళ్ళు మిగిలింది.

ఆ పేరున్న మనిషి నా పనిని చూసి చివరిసారి ఒక మాట అడిగాడు. నేను దానికొక జవాబు ఇచ్చాను. ఆ తర్వాత ఆయన మా షాపు ముందు ఆగలేదు. ఇప్పుడు దశదినకర్మకు కట్టే ఆయన ఫ్లెక్సీ నా చేతికే వచ్చింది. ఆయన రోడ్డవతల నిలబడి చూసి ఉంటే తల అడ్డంగా ఊపని ఫ్లెక్సీ ఒక్కటి చేయాలి. ఇగ నేను ఆయనకు చేయగలిగింది అదొక్కటే.

నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు, మా బాపు మొదటి షిఫ్టుకు పోయిన ఎండాకాలపు రోజుల్లో, అమ్మ నన్ను పక్క క్వార్టర్‌కు తోలేసేది. కాక సెలవుల్లో కూడా ఏదో ఒకటి గీస్తూ ఉండేవాడు. నాకు పాత క్యాలెండర్ కాగితాలు తిరగేసి ఇచ్చేవాడు. పువ్వులు, ఇళ్ళు, కొండల మధ్య సూర్యుడు గీస్తానంటే ఒప్పుకోలేదు. ముందు గీత.

“ఊపిరి బిగవట్టకు బిడ్డా. బిగవడ్తె గీత వణుకుతది. ఇడుసుకుంట గియ్యి.”

కాగితం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒక్క ఊపిరి. అట్లా ఎన్ని క్యాలెండర్లు ఖర్చయ్యాయో. ఇప్పటికీ మౌస్ పట్టుకుని గీత లాగేటప్పుడు నేను ఊపిరి వదులుతాను. మా సేటు, అంటే షాపు ఓనరు, “ఏందమ్మా, అంత నిట్టూర్పు” అంటాడు.

ఆయన దగ్గర మూడు పెన్నులుండేవి. లావుది హద్దుకు. నడిమిది దారులకు. సన్నది కొలతలకు. నాకు లావు పెన్ను ఇష్టం, అన్నీ దాంతోనే గీసేదాన్ని. “అన్ని గీతలు ఒక్కతీరుగ లావుంటె, చూసేటోడు ఏ గీత మాట ఇనాలె?” అనేవాడు. డిగ్రీలో మల్టీమీడియా పేపర్ చెప్పిన మేడమ్ ఈ సంగతికే ఒక గంట స్లైడ్లు వేసింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఒకసారి బాయి నక్ష ఎట్లా ఉంటుందో గుర్తు మీద గీసి చూపించాడు. చదరాలు, చదరాలు, వాటి మధ్య గల్లీలు.

“గీ డబ్బాలేంది కాకా?”

“పిల్లర్లు. పైకప్పు కూలకుండ ఇడిసిపెట్టిన బొగ్గు.”

“మరి మనుషులేడుంటరు?”

చదరాల మధ్య తెల్లటి సందులో పెన్ను మూత నడిపించాడు. “గీ తెల్ల జాగల. మీ బాపు గిప్పుడు గీ మూల తిరుగుతుండొచ్చు. జాగ ఇడిసినకాన్నే మనిషి తిరుగుతడు.”

నేను ఆ సందులో ఒక చుక్క పెట్టి, “మా బాపు” అన్నాను. ఆయన ఆ చుక్కకు రెండు మీసాలు గీశాడు. “గిప్పుడు మీ బాపు.”

ఆ కాగితం మీద సిరాతో తప్పు పోతే రబ్బరు పనికిరాదు. బ్లేడుతో గీకాలి. గీకిన చోట కాగితం గరుకుగా అవుతుంది. “నా సర్వీసుల పోయిన తప్పులు కండ్లు మూసుకొని ఏలితోని చెప్తా” అని నవ్వేవాడు. వాటిలో ఒక తప్పు గురించి మాత్రం నవ్వకుండా చెప్పేవాడు. నాకు పదిసార్లయినా చెప్పి ఉంటాడు, ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే.

ఉద్యోగంలో చేరిన కొత్త. బాయిలో ఒక పాత భాగం, పని ఆగిపోయింది. అన్ని దారుల చివర్లూ కొలిచారు గాని మూలన ఒక్క దారి చివర నీళ్ళున్నాయి. కొలవలేదు. అట్లాంటి చోట గీతను తెంపులు తెంపులుగా గీసి, చివర తెరిచి వదిలేయాలి. ఇంతవరకే మాకు తెలుసు, ఇక్కడి నుంచి తెలియదు అని దాని అర్థం. కాక ఆ నక్షను ట్రేస్ చేస్తూ, ఆ ఒక్క మూల నోరు తెరుచుకుని చూడడానికి బాగాలేదని, మిగతా వాటిలాగే చక్కగా మూసేశాడు. నిండు గీతతో.

“అందంగ ఉండాలె అని మూసిన బిడ్డా. వేరే ఏం లే.”

పెద్ద సర్వేయర్ సంతకం పెట్టబోతూ ఆగాడట. ఈయనను పిలిచాడు.

“నువ్వు దిగినవా ఆడికి?”

“లే సార్.”

“ఆ గోడ చూసినవా?”

“లే సార్.”

“మరి గోడ ఎట్ల కట్టినవ్?”

అరవలేదట. బ్లేడు చేతికిచ్చి పక్కన నిలబడ్డాడట. ఆ గీత గీకేసరికి కాకకు చెమటతో అంగీ తడిసింది. రేపు పక్కనుంచి తవ్వుకుంటూ వచ్చేవాళ్ళు ఆ నక్షను నమ్ముకుని వస్తారు. అక్కడ గోడ ఉందనుకుంటారు, ఉన్నది నీళ్ళు. ఈ సంగతి సర్వేయర్ చెప్పనే లేదట, కాకే ఇంటికి నడుచుకుంటూ పోతూ అర్థం చేసుకున్నాడట. “తొవ్వల రెండుసార్లు కూసున్న” అనేవాడు. అంతవరకే చెప్పి, లేచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకునేవాడు.

కనుబొమ మీది మచ్చ అంతకంటే పాతది. ఆఫీసులోకి తీసుకోక ముందు సర్వేయర్ల వెంట కొలత చైను మోస్తూ లోపలికి దిగేవాడు. పైనుంచి ఒక పెళ్ళ రాలి నుదురు చిట్లింది. గాయంలో బొగ్గుపొడి ఉండగానే మానిపోయింది. మా కాలనీలో ఇట్లాంటి నీలపు మచ్చలు లేని మగవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఎనిమిది నెలలు ఉన్నాను. అక్కడా ఉండలేకపోయాను. తిరిగొచ్చి ఈ షాపులో చేరాను. ఇక్కడా ఉండలేకపోతున్నాను, ఆ సంగతి కాలనీ అంతటికీ తెలుసు. డిజైన్ కాలేజీ ఎంట్రన్సు రాస్తూనే ఉన్నాను.

కాక రోజూ సాయంత్రం మందుల షాపుకో, కూరగాయలకో వచ్చి, మా షాపుకు ఎదురుగా రోడ్డవతల నిలబడేవాడు. ఎండేందుకు వేలాడదీసిన ఫ్లెక్సీలను చూసేవాడు. చూసే ముందు కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకునేవాడు. అందరూ చూడడానికి పెట్టుకుంటే ఈయన తీస్తాడేమిటని సేటుకు ఆశ్చర్యం. ఒకసారి అడిగాడు కూడా.

“అద్దాలు పెట్టుకుంటె అక్షరాలు కనవడ్తయ్ సేటు. తీస్తె ఫ్లెక్సీ కనవడ్తది.”

నిజమే. అన్నీ మసకబారాక ఏ ముద్ద మిగులుతుందో చూసేవాడు. చాలాసార్లు ఏదీ మిగలదు, అంతా ఒకే గంజి. అప్పుడు తల అడ్డంగా ఊపేవాడు. ఒక పెద్దమనిషి చావు ఫ్లెక్సీలో నివాళులర్పించే నాయకుడి ఫోటో పెద్దగా, పోయిన మనిషిది చిన్నగా ఉంది. నేను పెట్టింది కాదు, పెట్టమన్నారు. కాక రోడ్డు దాటి లోపలికొచ్చి మెల్లగా అన్నాడు: “పోయినోనికంటె వచ్చినోడే పెద్దగున్నడు గద బిడ్డా. ఎవలికి దండ ఎయ్యాలె మేము?”

చావు ఫ్లెక్సీలన్నిటికీ వెనక నీలం వేసేదాన్ని. ఆకాశం, మబ్బులు, వెలుగు కిరణాలు. ఆయన లెక్కలో నీలం అంటే నీళ్ళు. బాయి నక్ష మీద నీళ్ళు నిండిన చోటనే నీలం పూస్తారు, ఊరికే పూయరు. వరుసగా వేలాడుతున్న మూడు ఫ్లెక్సీలను చూసి, “ఏంది, ఊరంత మునిగినట్టున్నది” అన్నాడు. ఆ రోజు నేను చాలా నవ్వాను. మర్నాడు మళ్ళీ నీలమే వేశాను. ఫైలు అదే కదా. అలిసిపోయిన చెయ్యి తెలిసిన చోటికే పోతుంది.

ఇగ ఆ చివరి మాట.

ఆయన పోవడానికి రెండు నెలల ముందు ఎంట్రన్సుకు పంపాల్సిన బొమ్మల్లో ఒక పోస్టర్ చేశాను. బొగ్గుబాయి లోపలి దారి. రెండు వైపులా గోడలు లోపలికి పోతూ దగ్గరవుతాయి, చూపు తిన్నగా మధ్యకు పోతుంది. అక్కడ చిన్న వెలుగు. ఆ వెలుగు వైపు టోపీ దీపాలతో ముగ్గురు నడుస్తున్నారు. నలుపు, పసుపు, అంతే. నేను చేసినవాటిలో బాగా కుదిరింది అదేనని నాకు తెలుసు. కాకను పిలిచి చూపించాను. పొగుడుతాడని పిలిచాను, ఇప్పుడు దాచడమెందుకు.

అద్దాలు తీశాడు. చాలాసేపు చూశాడు. అద్దాలు పెట్టుకున్నాడు.

“మంచిగున్నది. గీతలు మంచిగ పోయినయ్.” కొంచెం ఆగి, “ఆ చివరన వెలుగు ఏడికెళ్ళి వచ్చింది బిడ్డా?”

“అది సెంటర్ కాకా. చూపు ఆడికి పోవాలె గద.”

“పోవాలె. గని ఆడ వెలుగుండదు. ముంగటికి పొయ్యేటోనికి ఆడ ఏముంటదో ఎరుక ఉండదు. నువ్వు దిగినవా ఎన్నడన్న?”

ఆ ప్రశ్న నాకు తెలుసు. పదిసార్లు విన్న కథలోది. అందుకే మండింది. పైగా ఆ రోజు పొద్దుటి నుంచి నాలుగు ఫ్లెక్సీలు కొట్టి ఉన్నాను, కరెంటు మూడుసార్లు పోయింది, అవన్నీ సాకులే.

“కాకా, బతుకంత వేరేటోళ్ళ గీతల మీద గీత గీసినవ్ నువ్వు. ఇది ట్రేసింగ్ కాదు.”

సేటు తల ఎత్తి చూశాడు. కాక మాత్రం నవ్వాడు. “అవ్. గది నిజమే” అన్నాడు. క్యాన్‌లోంచి ఒక గ్లాసు నీళ్ళు పట్టుకుని తాగి, గ్లాసు బోర్లించి వెళ్ళిపోయాడు. తర్వాత కూడా ఆ రోడ్డున పోయేవాడు. చెయ్యి ఊపేవాడు. ఆగేవాడు కాదు. అద్దాలు జేబులోకి పోలేదు.

ఆ పోస్టర్ అట్లాగే పంపాను. సీటు రాలేదు.

కాక పోయిన మర్నాడు ఆయన కొడుకు షాపుకొచ్చాడు. నిద్ర లేని ముఖం. నేను అన్న అని పిలుస్తాను. చేతిలో కాగితం, అందులో వరుస.

“వెనుక నీలం పెట్టు చెల్లె, మబ్బులు. పైన దేవుళ్ళు. బాపుకు కోటు వెయ్యి. వెంట్రుకలు జర నల్లగ చెయ్. గా మచ్చ తీసెయ్. కింద మా వైపోళ్ళు, అమ్మ వైపోళ్ళు, దోస్తులు. పక్కకు మా లీడర్.”

“కోటా అన్నా?”

“అందరికి ఏస్తున్నవ్ గద. మా బాపుకు ఏమైంది?”

నిజమే, అందరికీ వేస్తున్నాను. నా ఫైల్లో ఒకే కోటు ఉంది, నల్లది, ఎర్ర టై. ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో బతికున్నప్పుడు కోటు తొడగని ఎంతమంది మెడలు దాంట్లోకి దూర్చానో. కాగితం తీసుకున్నాను.

ఆ వారం రోజులు ఇతర పనులు చేస్తూనే మధ్యమధ్య ఆ ఫైలు తెరిచాను. ప్రతిదీ తీసేశాను. మబ్బులు, దేవుళ్ళు, తామర, కోటు. తెల్లటి పెద్ద జాగ. ఎడమవైపు కాక, తెల్ల అంగీతో, మచ్చతో. కింద ఒక సన్న గీత, దాని కింద రెండు వాక్యాలు. అంతే. దూరంగా జరిగి కళ్ళు సగం మూసి చూశాను. ఒకే ఒక ముద్ద మిగిలింది, ఆయనే. ఇది చూస్తే తల ఊపడు అనుకున్నాను. ఎవరికీ చూపించకుండా ప్రింటు తీశాను.

ఎనిమిదో రోజు క్వార్టర్ ముందు దాన్ని విప్పి పరిచాం. కాక చెల్లెలు పెద్దపల్లి నుంచి వచ్చి ఉంది. ఆమె వంగి చూసి, “అయ్యో, ఇంకు అయిపోయిందా పిల్లా?” అంది. ఇంకెవరో, “సగమే వచ్చినట్టున్నది” అన్నారు. అన్న ముఖం ఎర్రబడింది. కాగితం మీద రాసిచ్చింది ఒక్కటీ లేదు.

“ఏంది చెల్లె గిది? పది మంది చూస్తె మాకు ఎవలు లేరనుకుంటరు.”

“కాకకు గిట్లనే ఇష్టం అన్నా. ఖాళీ ఉండాలంటడు.”

చిన్నమ్మ, అంటే కాక భార్య, అప్పటిదాకా గడపలో కూర్చుని ఉంది. మెల్లగా లేచి వచ్చి ఫ్లెక్సీ చుట్టూ ఒకసారి తిరిగింది. కాళ్ళు దాని మీద పడకుండా.

“ఒక్కడే ఏడికి పోతుండు ఈయన?” అంది.

నేను వంగి ఫ్లెక్సీ అంచు సరిచేశాను.

“ఛాయ తాగనీకి గూడ నలుగురిని పిలుసుకునేటోడు. ఇంట్ల ఎన్నడన్న ఒక్కడు కూసొని తిన్నడా? జాగ ఇడువాలె, జాగ ఇడువాలె అని నాతోని గూడ అన్నడు బిడ్డా, ముగ్గేస్తుంటె. జాగ ఇడిసేది మనుషులు తిరగనీకే అన్నడు. మరి గీడ మనుషులేరి?”

ఆ మాట నాతోనే మొదట అన్నాడని ఇన్నాళ్ళు అనుకున్నాను. నేను సగం ఉంచుకున్నాను. చిన్నమ్మ మొత్తం ఉంచుకుంది. చూడడానికి బాగుండాలని ఆయనను ఒంటరివాణ్ణి చేసి పెట్టాను. ఆయన ఒంటరివాడని నేనెప్పుడు చూశాను? చూడని గోడ కట్టాను.

“మళ్ళ చేస్త చిన్నమ్మా” అన్నాను. “రెండు రోజులున్నది. నువ్వే చెప్పు ఎవరెవరుండాలె.”

ఆ మధ్యాహ్నం కూలర్ ముందు కూర్చుని చిన్నమ్మ చెప్పింది. వైపులు, వరుసలు చెప్పలేదు. ఆయన పక్కన కూర్చున్నవాళ్ళను చెప్పింది. ఛాయ హోటల్ మనిషి. దవాఖానకు తోడొచ్చిన ఆటో అతను. చెల్లెలు. ఇద్దరు మనుమలు. మా బాపు. నా పేరు కూడా చెప్పింది. నేను వద్దన్నాను. “ఏ, రాసుకో” అంది.

అన్న మధ్యలో, “అమ్మా, లీడర్?”

“ఆయన మనింటికి ఎన్నడన్న ఛాయకు వచ్చిండా?”

“లే.”

“మరి గీడికెందుకు వస్తడు?”

“పోనీ కోటన్న...”

“మీ బాపు పెండ్లికి గూడ తెల్ల అంగే తొడిగిండు. కోటు వేస్తె ఎవలో ఆఫీసర్ పోయిండనుకొని దండం పెట్టి పోతరు.”

అన్నకు నవ్వొచ్చింది. ఎనిమిది రోజుల తర్వాత ఆ ఇంట్లో మొదటి నవ్వు. మచ్చ సంగతి అడగకముందే ఆమె చెప్పేసింది. “మచ్చ తీసినవనుకో, నాకే గుర్తు పట్టరాదు.”

మొత్తం పదహారు మందయ్యారు. అందరివీ ఒకే సైజు చదరాలు చేశాను, కింది సగంలో. వాటి మధ్య మనిషి తిరిగేంత సందు వదిలాను. పైన కాక, చుట్టూ తెలుపు. కాని పదిహేను ఫోటోలే దొరికాయి. పదహారో మనిషి ఆయనతో కలిసి చైను మోసిన కాసిపేట ముసలాయన. ఫోను నంబరు లేదు. ఫోటో ఎవరి దగ్గరా లేదు. అన్న తీసెయ్యమన్నాడు. తీస్తే వరుస కూడా సమంగా వచ్చేది, అయిదు మూళ్ళు. నేను తీయలేదు. ఆ చదరం తెంపుల గీతతో గీసి, లోపల ‘చైన్‌మన్ తాత’ అని మాత్రం రాశాను. చివరి వరుసలో అది ఒక్కటే మిగిలిపోయి, ఫ్లెక్సీ ఒక పక్కకు ఒరిగినట్టు కనిపించింది. దాన్ని అట్లాగే వదలడానికి నా చెయ్యి ఎంత గుంజుకుందో చెప్పలేను.

పదో రోజు పొద్దున్నే క్వార్టర్ ముందు కట్టాం. వచ్చినవాళ్ళు వాళ్ళ వాళ్ళ ముఖాలు వెతుక్కున్నారు. లేనివాళ్ళు కొంచెం అలిగారు. “గీ ఖాళీ డబ్బా ఏంది?” అని చాలామంది అడిగారు. జవాబు చెప్పీ చెప్పీ అన్నకు విసుగొచ్చింది.

భోజనాల వేళకు ఒక ముసలాయన బస్సు దిగి కర్ర ఊతంతో వచ్చాడు. ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. ఫ్లెక్సీ ముందు ఆగి, పక్కనున్న నన్ను అడిగాడు.

“చదువురాదు బిడ్డా. గీ బొక్కల ఏం రాసున్నది?”

“చైన్‌మన్ తాత అని ఉన్నది.”

ఆయన దగ్గరికి పోయి ఆ చదరం మీద అరచెయ్యి పెట్టాడు. అరచెయ్యి దానికి సరిపోయింది. “నాకు జాగ ఇడిసిండ్రా” అన్నాడు. తర్వాత మా వైపు తిరిగి, “మూతి గూడ గియ్యకపోతిరి. పండ్లు లేవని ఎరుకైందా మీకు?” అన్నాడు. వంటల దగ్గరున్న ఆడవాళ్ళు కూడా నవ్వారు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకుపోయి మొదటి విస్తరి ముందు కూర్చోబెట్టింది.

నేను రోడ్డవతలికి పోయి నిలబడ్డాను. నాకు అద్దాలు లేవు, కళ్ళు సగం మూశాను. పైన ఒక మనిషి. కింద మనుషుల గుంపు, ఒక మూల తెరుచుకుని. అది బాగుందో లేదో నాకిప్పటికీ తెలియదు. కాక నా మాటను మనసులో పెట్టుకున్నాడో, గ్లాసు బోర్లించినప్పుడే మరిచిపోయాడో, అదీ తెలియదు. తెలిసినట్టు రాయొచ్చు. ఇట్లాంటివి చదివేవాళ్ళు అదే ఆశిస్తారు. ఆయన దగ్గర గీత నేర్చుకుని ఆ పని చేయలేను.

కర్మ అయిపోయాక ఫ్లెక్సీలను ఏం చేస్తారో అందరికీ తెలుసు. వడ్లు ఎండబోస్తారు, బండి మీద కప్పుతారు. చిన్నమ్మ దాన్ని విప్పి మడత పెట్టి దాచింది. మొన్న ఎండ మరీ ముదిరాక బయటికి తీసింది. క్వార్టర్ చూరు నుంచి రెండు వెదురు బొంగులకు పందిరిలాగా కట్టించింది. అన్న వద్దన్నాడట. “కింద పరుస్తె తప్పు గని మీద కడ్తె ఏమైతది? మీ బాపు నీడ పట్టనియ్యి” అందట.

నేను పోయేసరికి ఆమె దాని కింద పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను కూర్చోమంది. ఒక కుప్ప నా ముందుకు తోసింది. పైకి చూస్తే ఎండ వెనక నుంచి పడి ముఖాలన్నీ తిరగబడి కనిపిస్తున్నాయి, కుడివాళ్ళు ఎడమకు, ఎడమవాళ్ళు కుడికి. ఫోటోలున్న చోట కింద నీడ ముదురుగా ఉంది. తెలుపున్న చోట నేల మీద పలచటి వెలుగు. పొద్దు జరుగుతున్న కొద్దీ ఆ నీడలు మట్టి మీద మెల్లగా జరుగుతున్నాయి, వాటితోపాటు చిన్నమ్మ తన పీటను జరుపుకుంటోంది.

ఇంతలో ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయింది. కిటికీలు అదిరాయి. పైన ఫ్లెక్సీ ఒక్కసారి ఉబ్బి, వణికి, నేల మీద ఉన్న నీడలన్నీ ఒకదాంట్లోకి ఒకటి నడిచి కలిసిపోయి, మళ్ళీ ఎవరి జాగలో వాళ్ళు నిలబడ్డారు. చిన్నమ్మ తల ఎత్తలేదు. గింజ తీసి పక్కన వేసింది.